ఎవరి బండి పొగ

నవంబరు 14, మంగళవారం
మధ్యాహ్నం, ఇంటి నుంచి

చిరంజీవి బావమరిదికి,

నీ బావ దీవించి రాస్తున్నది. మీ అక్క బాగానే ఉంది. మోకాలి నొప్పి సగం తగ్గింది, నా మీద విసుగు మాత్రం ఏమీ తగ్గలేదు. అక్కడ నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలచి, నేనూ కులాసా అని రాయబోయాను. ఆ మాట దగ్గర కలం మొరాయించింది. పోనీలే, ఆ ముక్క వదిలేసి మిగతాది రాస్తాను.

ఉన్న ఊళ్ళోనే ఉండి ఉత్తరం ఏంటి బావా, ఫోను చెడిపోయిందా అని నువ్వు నవ్వుతావు. ఫోను బాగానే ఉంది. వారంలో మూడుసార్లు నీకు చేశాను కూడా. మొదటిసారి నువ్వు చెప్పండి బావా అనగానే వాన గురించి మాట్లాడాను. రెండోసారి మీ అక్క మందుల చీటీ గురించి మాట్లాడాను. మూడోసారి ఏం వాగానో నాకే గుర్తు లేదు, నువ్వు మాత్రం ఒంట్లో బాగుందా అని రెండుసార్లు అడిగావు. నీ గొంతు వింటే నా నోరు పడిపోతోంది. కాగితం అయితే ఎదురు ప్రశ్న వెయ్యదు కదా, అందుకని దీన్ని పట్టుకున్నాను. రేపో ఎల్లుండో మీ అక్క మీ ఇంటికి వస్తానంటోంది, ఆమె చేతికే ఇచ్చి పంపిస్తాను.

విషయం ఆసుపత్రి వెనక ఉండే మీ వ్యాన్ల స్టాండుది. ఇంకా చెప్పాలంటే, మీ స్టాండు లేపించిన నా రిపోర్టుది. అందులో తప్పు దొర్లింది. చిన్నది కాదు. వచ్చే సోమవారం మున్సిపల్ ఆఫీసులో దాని మీద విచారణ పెట్టారు, మీ యూనియన్‌కి కూడా నోటీసు వచ్చే ఉంటుంది. నోటీసులో ఒక్క ముక్క అర్థమయ్యేట్టు రాయరు మా వాళ్ళు. అసలేం జరిగిందో నా నోటి మీదుగా నీకు తెలియాలి.

నువ్వు నన్ను ఎన్నోసార్లు ఆటపట్టించావు. గాలిని చూసి అది ఎవరి పొగో ఎలా చెబుతారు బావా, పొగకి నంబరు ప్లేటు ఉంటుందా అనేవాడివి. నేను కంచం ముందు నుంచి లేవకుండా నీకు క్లాసు పీకేవాణ్ణి. గుర్తుందో లేదో, మళ్ళీ చెబుతాను, ఎందుకంటే తప్పు అక్కడే ఉంది. మనం పీల్చే గాలిలో ఉన్న నైట్రోజన్ అంతా ఒకే బరువుది కాదు. మామూలుది ఒకటి, దానికన్నా పిసరంత బరువైనది ఇంకొకటి. వీటినే స్థిర ఐసోటోపులు అంటాం. స్థిరం అని ఎందుకన్నారంటే అవి ఎన్నేళ్ళయినా మారవు, చెదరవు. బొగ్గు మండినప్పుడు వచ్చే పొగలో ఆ బరువైన రకం కాస్త ఎక్కువ పాళ్ళలో ఉంటుంది. బండి ఇంజను వదిలే పొగలో తక్కువ. గాలిని పంపుతో లాగి, మందు పూసిన ఫిల్టరు బిళ్ళ మీద పట్టి, ఆ బిళ్ళని ల్యాబులో మిషనుకి ఎక్కిస్తే, బరువుదెంత, తేలికదెంత అని అంకె వస్తుంది. ఆ అంకెని బట్టి ఇందులో బొగ్గు పొగ వాటా ఇంత, బండి పొగ వాటా ఇంత అని లెక్క కడతాం. మిషను అబద్ధం చెప్పదు రా బావమరిదీ అని నేను చెయ్యి ఊపుతూ అనడం, మీ అక్క ముందు చెయ్యి కడుక్కోండి అని కసరడం కూడా నీకు గుర్తుండే ఉంటుంది.

మిషను నిజంగానే అబద్ధం చెప్పలేదు. అది బండి పొగ అని చెప్పింది. ఎవరి బండి అని దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పగలిగేది కాదు.

ఆసుపత్రి వెనక సందులో దగ్గులూ ఆయాసాలూ ఎక్కువైపోయాయని, పిల్లల వార్డు కిటికీలు తెరవలేకపోతున్నామని అర్జీలు పడ్డాయి కదా. ఆ సందులో పొగ పెట్టేవి రెండే. ఒకటి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడికించే బొగ్గు బాయిలరు. రెండోది మీ పదకొండు వ్యాన్లు. ఎవరిది ఎక్కువో తేల్చమని మా ఆఫీసుకి రాశారు. ఆ పని నాకు పడింది. మా బావమరిది ఆ స్టాండులోనే ఉన్నాడు, ఈ పని ఇంకొకరికి ఇవ్వండి అని అప్పటి పెద్దాఫీసరుతో అనాల్సింది. అనలేదు. నా బావమరిదైనా సరే అంకె ఎటు చెబితే అటే అని నలుగురిలో అనిపించుకోవాలని సరదా పడ్డాను. ఈ వయసులో అంత సరదా ఏంటో, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ సందులోనే ఉన్న కళ్ళద్దాల షాపాయన మేడ మీద బాల్కనీలో పంపు పెట్టాం. పది రోజులు, రోజుకి ఎనిమిది గంటలు. పది రోజుల బిళ్ళలూ మిషనుకి ఎక్కిస్తే బండి పొగ వాటా నూటికి డెబ్భై నాలుగు వచ్చింది. బాయిలరుది పావు వంతు. రిపోర్టు నేనే రాశాను. సంతకం కింద గీత కూడా గీశాను.

ఆ రిపోర్టు మీ స్టాండులో చదివిన రోజు నేను అక్కడే ఉన్నాను. స్టాండు వంతెన అవతలికి మార్చాలన్న నోటీసు చదివిన మున్సిపల్ గుమాస్తా గొంతు మీ వాళ్ళ అరుపుల్లో మునిగిపోయింది. ఎర్ర వ్యాను పెద్దాయన, ఎవడా రాసింది, వాడొచ్చి మా సైలెన్సర్లో ముక్కు పెట్టి చూశాడా అని కేకలేశాడు. నేను షాపు నీడలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాను. అప్పుడు నువ్వు నీ బండి ఫుట్‌బోర్డు ఎక్కి నిలబడ్డావు. రాసింది మా బావ అన్నావు. ముప్పై ఏళ్ళుగా ఆయనకిదే పని, సొంత తమ్ముడైనా లెక్క మార్చే మనిషి కాదు, ఆయన మన పొగే అన్నాడంటే మన పొగే, లోపల చంటిపిల్లలున్నారు, పదండి పోదాం అన్నావు. కోర్టుకి పోదామన్న వాళ్ళని కూడా నువ్వే చల్లబరిచావు. పదకొండు బండ్లూ వరసగా వంతెన అవతలికి పోతుంటే నా ఛాతీ ఇంత వెడల్పయింది. ఆ సాయంత్రం మీ అక్కతో, నీ తమ్ముడు మనిషంటే మనిషి అని చెప్పుకుని మురిసిపోయాను. నువ్వు ఏం పోగొట్టుకున్నావో ఆ పూట నా బుర్రకి తట్టలేదు.

తర్వాత తట్టింది. పోయిన నెలలో ఆ ఆసుపత్రికే మీ అక్కని మోకాలి ఎక్స్‌రేకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర వ్యాను లేదు. ఎక్కడుంటాయని అడిగితే వంతెన అవతల అన్నారు. మా ముందు ఒకాయన అప్పుడే కట్టు కట్టించుకున్న కాలుతో, ఇద్దరి భుజాల మీద వేలాడుతూ ఆ వంతెన ఎక్కుతున్నాడు. సగంలో కూర్చుండిపోయాడు. మీ అక్క కూడా రెయిలింగు పట్టుకుని నాలుగుసార్లు ఆగింది. అవతలికి చేరేసరికి నువ్వు కనిపించావు. ఖాళీ బండి సీట్లు దులుపుతున్నావు. దులిపిన సీటే మళ్ళీ దులుపుతున్నావు. మీ వాళ్ళంతా ఒక చెట్టు కింద కూర్చుని పేకాడుతుంటే నువ్వు మాత్రం విడిగా ఉన్నావు. పొగాయన బావమరిది అని వాళ్ళు నిన్ను పిలుస్తున్నారని, నీతో సరిగ్గా మాట్లాడటం లేదని చెల్లెమ్మ మీ అక్కతో అందట.

నేనేం చేశానో తెలుసా? మీ అక్క చెప్పు సరిచేసుకోవడానికి వంగితే, ఆమె నిన్ను చూడకముందే ఆటో పిలిచి ఎక్కించేశాను. నీకు మొహం చూపించలేక పారిపోయాను. అప్పటికి తప్పు సంగతి బయటపడలేదు కూడా. ఊరికే సిగ్గేసింది.

మీ అక్క టీకి పిలుస్తోంది. మిగతాది రేపు రాస్తాను.

బుధవారం, అదే బల్ల దగ్గర

నిన్న ఎక్కడ ఆపాను? ఆ, తప్పు ఎలా బయటపడిందో రాయాలి.

పాత పెద్దాఫీసరు రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ నెమ్మదైన మనిషే, కానీ కాగితం చూసిందంటే వెనక్కి తిప్పి కూడా చూస్తుంది. స్టాండు లేపేసి ఆరు నెలలైంది కదా, గాలి ఎంత బాగుపడిందో కొలిచి చూపిద్దాం, మిగతా వీధులకి ఆదర్శంగా ఉంటుంది అంది. నాకు భలే ఉత్సాహం వచ్చింది. అదే బాల్కనీ, అదే పంపు, అదే ఆఫీసు జీపు. ఈసారి నాకు ఆఫీసులో పనుండి, జీపు డ్రైవరునే పంపాను. అతన్ని నువ్వు ఎరుగుదువు, మేం నిదానం అని పిలుస్తాం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో జీపుని మూడో గేరు దాటించని మనిషి. పంపు తగిలించడం, బిళ్ళ మార్చడం నాతో తిరిగి తిరిగి నేర్చుకున్నాడు.

బిళ్ళలు మిషనుకి ఎక్కించాం. బండి పొగ వాటా నూటికి డెబ్భై మూడు వచ్చింది.

నీకు అర్థమవుతోందా? సందులో ఒక్క వ్యాను లేదు. పొగ మాత్రం అలాగే ఉంది. ఆఫీసరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వ్యాన్లు వంతెన అవతల ఉన్నాయి, మరి ఈ పొగ ఎవరిదండీ అని అడిగింది. నేను తడుముకున్నాను. మెయిన్ రోడ్డు నుంచి గాలి మళ్ళి ఉంటుంది మేడమ్ అన్నాను. ఆవిడ సరే అనలేదు, కాదనలేదు. కొలత ఇంకో రోజు సాగించమని చెప్పి, మర్నాడు ఎవరికీ చెప్పకుండా సందులోకి వెళ్ళింది. బాల్కనీ కింద మా జీపు నిలబడి ఉంది. ఇంజను ఆన్‌లో ఉంది. వెనక గొట్టం నుంచి పొగ నిటారుగా పైకి, పంపు మూతి దగ్గరికే పోతోంది. నిదానం డ్రైవరు సీట్లో కూర్చుని పేపరు చదువుతున్నాడట.

సంగతేంటంటే, పంపు నడవాలంటే కరెంటు కావాలి. ఆసుపత్రి వాళ్ళు ప్లగ్గు ఇవ్వం అన్నారు. అలాంటప్పటికని మా దగ్గర విడిగా ఒక పెద్ద బ్యాటరీ ఉండాలి, అది చచ్చి ఊరుకుంది. అందుకని జీపు బ్యాటరీకే తగిలించాం. వైరు పొడుగు తక్కువ కాబట్టి జీపు బాల్కనీ కిందే పెట్టాలి. జీపు ఇంజను ఆపితే గంటలో బ్యాటరీ దిగిపోయి పంపు ఆగిపోతుంది. ఆన్‌లో పెడితే పంపు నడుస్తుంది, పీల్చేది మాత్రం మా జీపు పొగే. ఇంజను నడిచే బండి పంపుకి వంద అడుగుల దగ్గర్లో ఉండకూడదని మా పనిలో మొట్టమొదటి రోజు నేర్పిస్తారు. చేరినవాళ్ళకి నేనే నేర్పిస్తాను.

ఆఫీసరమ్మ గదిలోకి పిలిచింది. మొదటిసారి పది రోజులూ ఇలాగే చేశారా అని అడిగింది. నిదానం, ముందు నుంచీ ఇదే పద్ధతండీ అన్నాడు. ఇలా చెయ్యమని ఎవరు చెప్పారు అని ఆవిడ నా వైపు చూసింది. నాకు తెలియదు మేడమ్ అన్నాను. నేను షాపులోనే ఉండేవాణ్ణి, సందులో రొద, ఇంజను చప్పుడు తెలిసేది కాదు అన్నాను. నిదానం నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడ మూడోసారి కొలిపించింది. కళ్ళద్దాల షాపాయన్ని అడిగితే, అయ్యో దానికేముంది, ముందే అడిగితే ఇచ్చేవాణ్ణి కదా అని తన ప్లగ్గే ఇచ్చాడు. జీపు మెయిన్ రోడ్డు మీద, ఇంజను ఆపి. ఈసారి బొగ్గు బాయిలరు వాటా నూటికి ఎనభై ఒకటి.

ఇంతదాకా చదివి నువ్వు ఎగిరి గంతేస్తావని నాకు తెలుసు. ఆగు. ఇప్పుడు స్టాండులో వ్యాన్లు లేవు కాబట్టి బాయిలరే ఎక్కువ కనిపించడంలో వింత లేదని ఆసుపత్రి తరఫు పెద్దమనిషి అంటున్నాడు. మీరున్నప్పటి గాలిని ఇప్పుడు వెనక్కి తెచ్చి కొలవలేం. ఆరు నెలల నాటి రిపోర్టు మొత్తం చెల్లకపోతేనే మీ మీద వేసిన నిషేధం ఎత్తేస్తారు. మొత్తం చెల్లకపోవాలంటే పది రోజులూ ఇంజను నడిచిందని తేలాలి. నిదానం రాసిచ్చిన సంజాయిషీలో, నా అజాగ్రత్త వల్ల రెండు మూడు రోజులు ఇంజను ఆపకుండా ఉంచాను, సార్‌కి తెలియదు అని ఉంది. రెండు మూడు రోజులే కదా, మిగతా ఏడు రోజుల బిళ్ళలు బాగానే ఉన్నాయి కదా, రిపోర్టు నిలబడుతుంది అని వాళ్ళ వాదన. ముందు నుంచీ అని నోటితో అన్న మాట కాగితం మీద లేదు కాబట్టి ఆఫీసరమ్మ కూడా ఏమీ చెయ్యలేకపోతోంది. ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది, మీకు ఇంకేమైనా గుర్తొస్తే చెప్పండి అని. ఆలోచిస్తానన్నాను.

నిదానాన్ని సస్పెండు చేశారు. పోయిన శుక్రవారం జీపు తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వెనక టైరులో గాలి తక్కువుంది సార్, కొత్తగా వచ్చే అతనికి చెప్పండి అన్నాడు. సరే అన్నాను. అతను వెళ్ళాక ఆ తాళాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు, మధ్యాహ్నం దాకా అక్కడే పడుంది.

నేను చెప్పొచ్చేదేంటంటే, సోమవారం విచారణకి మీరందరూ వెళ్ళండి. వెళ్ళడం మంచిదే. అయితే మరీ ఆశ పెట్టుకోవద్దు. ఆదివారం నీ బండి చూడటానికి బేరం వస్తోందని చెల్లెమ్మ చెప్పిందట. వారం రోజులు వాయిదా వెయ్యి. ఎర్ర వ్యాను పెద్దాయనతో, మా బావ లెక్కలో పొరపాటు వచ్చింది, ఆయనే ఒప్పుకున్నాడు అని చెప్పు. వాళ్ళు నిన్ను మళ్ళీ తమతో కూర్చోనిస్తే నాకు కొంచెం ఊరట. నువ్వు ఫుట్‌బోర్డు ఎక్కి నా తరఫున అన్న మాటలు ఉన్నాయే, వాటికి నేను తగను. ఈ ముక్క మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

పిల్లలకి నా ముద్దులు. చెల్లెమ్మకి దీవెనలు. ఎప్పటిలా ఆశీస్సులతో అని ముగించే మొహం లేదు. క్షమించమని అడిగే వరసా కాదు మనది. ఏదో ఒకటి నువ్వే అనుకో.

సిగ్గుతో,
నీ బావ

తా.క.
గురువారం ఉదయం

కవరు అంటించబోతుంటే మీ అక్క వచ్చి, నా తమ్ముడికి నాకు తెలియకుండా ఏం రాస్తున్నారు అని లాక్కుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. చదివి ఒక్కటే అడిగింది. ఇంట్లో నేను ఫ్యాను ఆపితే చాలు గాఢనిద్రలో ఉన్నా లేచి కూర్చుంటారు, కిటికీ కింద ఎనిమిది గంటలు జీపు ఇంజను నడుస్తుంటే మీకు వినపడలేదా అంది. కాగితాలు నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గంటైంది. పిలిస్తే పలకడం లేదు.

వినపడింది రా. పది రోజులూ వినపడింది.

మొదటి రోజు ఇంజను ఆపే పెట్టాడు నిదానం. గంటకి పంపు ఆగిపోయింది. విడి బ్యాటరీ చెడిపోయి అప్పటికి మూడు నెలలు. కొత్తది కావాలని కాగితం పెట్టాల్సింది నేను, మర్చిపోయాను. ఆ సంగతి బయటపడితే పెద్దాఫీసరు దగ్గర మాట పడాలి. ఇంజను స్టార్ట్ చేసి ఉంచు అన్నాను. నిదానం చేశాడు. కాసేపాగి బాల్కనీలోకి వచ్చి, సార్, పొగంతా పంపులోకే పోతోంది, ఇక్కడ నాకే కళ్ళు మండుతున్నాయి అన్నాడు. వ్యాన్ల వాళ్ళ దగ్గర బ్యాటరీలు ఉంటాయి, మీ బావమరిదే కదా, అడిగితే ఇవ్వరా అన్నాడు. షాపాయన్నైనా ప్లగ్గు అడుగుదాం సార్ అన్నాడు. నేనేమన్నానో తెలుసా? నీ పని స్టీరింగు తిప్పడం, పరిశోధన నాకొదిలెయ్ అన్నాను. షాపాయన ముందే అన్నాను. నిదానం మొహం చిన్నబుచ్చుకుని కిందికి దిగిపోయాడు. పది రోజులు ఆ షాపులో ఫ్యాను కింద కూర్చుని టీలు తాగుతూ ఆ ఇంజను చప్పుడు విన్నాను. ఈ పొగ ఏ పాటిదిలే, సందులో ఉన్న పదకొండు బండ్ల ముందు ఇదెంత అని సర్ది చెప్పుకున్నాను. డెబ్భై నాలుగు అని అంకె వచ్చినప్పుడు కూడా నా లోపల ఒకటి కలుక్కుమంది. దాన్ని నొక్కేసి సంతకం కింద గీత గీశాను.

ఆ సంజాయిషీ నిదానం రాయలేదు. నేనే రాశాను. ఊరికే కాగితం కోసం, వారంలో సర్దుకుంటుంది అని చెప్పాను. రెండు మూడు రోజులు అన్న మాట నేను కల్పించిందే, తక్కువ రోజులంటే నాకూ తక్కువ మాట పడుతుందని. అతను చదవలేదు. మీరు రాశాక నేను చదివేదేముంది సార్, సంతకం ఎక్కడ అని అడిగి పెట్టేశాడు.

పై పేజీలు చించేసి మొత్తం మళ్ళీ రాద్దామనుకున్నాను. వద్దనిపించింది. నీకు తప్పు ఒప్పుకుంటూ కూడా ఎంత నున్నగా అబద్ధమాడానో నీ కళ్ళతో నువ్వు చూడాలి. రెండు రోజులు కూర్చుని, కన్నీళ్ళు పెట్టుకుంటూ మరీ ఆడాను.

అందుకని నిజం ఇక్కడ రాస్తున్నాను. పది రోజులూ, రోజుకి ఎనిమిది గంటలూ, మా ఆఫీసు జీపు ఇంజను పంపు కింద నడుస్తూనే ఉంది. నేను చెబితేనే నడిచింది. డ్రైవరు వద్దన్నాడు. ఆ రిపోర్టులో ఒక్క బిళ్ళ కూడా పనికిరాదు. మీరు పోగొట్టుకున్న స్టాండు మీ పొగ వల్ల పోయిందని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, అప్పుడూ లేదు. కింద పూర్తి సంతకం చేశాను, తేదీ వేశాను.

సోమవారం ఈ కాగితం తీసుకెళ్ళి ఆఫీసరమ్మ చేతిలో పెట్టు. నేనూ అక్కడికి వస్తాను. నా సంగతి నాకు తెలుసు. ఈ నాలుగు రోజుల్లో భయం పట్టుకుంటుంది. వరండాలో నిన్ను పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, చివరి పేజీ ఒకసారి ఇలా ఇవ్వరా, ఒక మాట దిద్ది ఇస్తాను అంటాను.

నేనెంత బతిమాలినా ఇవ్వకు.